పెద్దలు పడకుండ నడచు గ్రామము

నెల్లూరు సీమకు వానకాలము ఆలస్యముగ వచ్చును. నైరుతి ఋతుపవనము ఇచ్చట చిలకరించి పోవునే గాని, చెరువులు నింపునది అక్టోబరు మొదలు డిసెంబరు వరకు కురియు ఈశాన్య ఋతుపవనమే. ఆ దినములలో బుచ్చిరెడ్డిపాలెము చెంతనున్న కనిగిరి రిజర్వాయరు క్రింద కాలువలు నిండి పారును. మళ్లలో నాట్లు పడును. ఆ దినములలోనే పెరటి చప్టాలమీద పాచి పట్టును, కాలువ గట్లు జారును, వీధిలో నిలిచిన నీటి క్రింద గుంత యెక్కడ నున్నదో తెలియదు. "పెద్దామె దొడ్లో జారి పడిందంట" అను మాట ఏదో యొక ఇంటినుండి వినవచ్చును. ఇరుగుపొరుగువారు పోయి చూతురు. "వయసు మీద పడింది, ఏం చేస్తాం" అని నిట్టూర్చి తిరిగి వత్తురు.

ఈ నిట్టూర్పుతోనే మనకు పేచీ. ముప్పది యేండ్లవాడు మోటారు సైకిలుపై నుండి పడినచో రోడ్డెట్లున్నది, దీపమున్నదా, తప్పెవరిది అని గ్రామమంతయు విచారించును. డెబ్బది యేండ్ల ఆమె తన యింటి వాకిట పడినచో ఎవరును విచారింపరు. వయస్సే కారణమని తీర్పు ముందుగనే చెప్పబడి యున్నది. వయస్సు ఒక కారణమనుట నిజమే. కాని ఒకే వయస్సుగల ఇద్దరిలో ఒకరు పడి మరియొకరు పడకుండుటకు వేరు కారణములు కలవు. వాటిలో కొన్ని శరీరములోను, కొన్ని ఇంటిలోను, కొన్ని వీధిలోను ఉన్నవి. వీధిలో నున్నవి పంచాయతీవే.

విషయము ఎంత పెద్దదో తెలియుటకు కొన్ని అంకెలు చూడవలెను. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారము పడిపోవుటచేత ప్రతి సంవత్సరము సుమారు 6,84,000 మంది మరణించుచున్నారు. ప్రమాదవశమున కలుగు మరణములలో రోడ్డు ప్రమాదముల తరువాత రెండవ స్థానము దీనిదే. ఈ మరణములలో 80 శాతమునకు పైగా సంభవించునది స్వల్పాదాయ, మధ్యాదాయ దేశములలోనే. 65 ఏండ్లు దాటినవారిలో నూటికి 28 మొదలు 35 మంది ఏటేట ఒక్కసారి యైనను పడుచున్నారని ఆ సంస్థ 2007లో వెలువరించిన నివేదిక తెలుపుచున్నది. 70 దాటినవారిలో ఈ సంఖ్య 32 మొదలు 42 వరకు పోవును. మీ గ్రామములో 65 దాటినవారు 200 మంది ఉన్నారనుకొందము. ఆ లెక్కన ఒక సంవత్సరములో 56 మొదలు 70 మంది పడుదురు. పంచాయతీ కార్యాలయములో ఇంటిపన్ను బకాయిల జాబితా ఉండును. ఈ 56 మంది జాబితా మాత్రము ఉండదు.

నిలకడ ఎట్లు కలుగును?

కావడి మోయువానిని గమనింపుడు. అతడు రెండు కుండలను చూచుచు నడువడు. భుజమునకు తెలియు బరువును బట్టి, పాదములకు తెలియు నేలను బట్టి, కన్నులకు కనబడు దారిని బట్టి క్షణక్షణము సర్దుకొనుచు పోవును. మనము ఊరక నిలిచియున్నప్పుడును శరీరము చేయుచున్న పని ఇదియే. కన్ను, లోచెవి, పాదము అను మూడు చోట్లనుండి మెదడునకు వార్తలు పోవును. లోచెవిలో మూడు అర్ధవలయాకారపు నాళములు కలవు. తల త్రిప్పినప్పుడు వాటిలోని ద్రవము కదలి, ఎటు త్రిప్పితిమో చెప్పును. ఈ వార్తలందిన మెదడు తొడలకును పిక్కలకును ఆజ్ఞ లిచ్చును. యౌవనమున ఒక వార్త అందకున్నను మిగిలిన రెండింటితో పని జరుగును. చీకటిలో యువకుడు తడబడడు. కన్ను పనిచేయకున్నను పాదము పనిచేయును. వార్ధక్యములో మూడును కొంత కొంత తగ్గియుండును కనుక, ఒకటి పోయినచో మిగిలిన రెండును ఆదుకొనజాలవు. అందుచేతనే వృద్ధునకు దీపము యువకునికంటె ఎక్కువ అవసరము.

మధుమేహము చాలకాలముగ ఉన్నవారికి పాదములు తిమ్మిరెక్కి, నేల గట్టిదో మెత్తనిదో తెలియకపోవును. వారి అరికాలి వార్త పూర్తిగ ఆగిపోయినట్లే. కంటికి శుక్లము వచ్చినవారికి మెట్టు అంచును నేలయు ఒకే రంగుగ కనబడును. హైదరాబాదులోని ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య విజ్ఞాన సంస్థ 1996 మొదలు 2000 వరకు మన రాష్ట్రములో జరిపిన పరిశోధనలో, చూపు కోల్పోయినవారిలో సుమారు 44 శాతమునకు శుక్లమే కారణమని తేలినది. శుక్లమునకు శస్త్రచికిత్స చేసిన చూపు తిరిగి వచ్చును. చూపు వచ్చుట ఒకటే లాభము కాదు. ఇంగ్లండులోని నాటింగ్‌హామ్‌లో 70 ఏండ్లు దాటిన స్త్రీలకు ఆలస్యము లేకుండ ఈ శస్త్రచికిత్స చేయగా, పడిపోవుట మూడవ వంతు తగ్గినదని 2005లో ప్రకటించిరి. గ్రామమునకు కంటి శిబిరము వచ్చినప్పుడు "నాకెందుకులే, ఇంక ఎన్నాళ్లు" అను పెద్దలను బండి యెక్కించి పంపుట పంచాయతీ సభ్యుడు చేయదగిన మొదటి పని.

మరియొక కారణము కంటికి కనబడనిది. పడుకొనినవారు దిగ్గున లేచి నిలిచినప్పుడు రక్తము కాళ్లలోనికి దిగి, మెదడునకు చాలక, కన్నులు చీకట్లు క్రమ్మును. లేచిన మూడు నిమిషములలోపల పై రక్తపోటు 20 మిల్లీమీటర్లు తగ్గినచో దానిని వైద్యులు లోపముగ ఎంతురు. రక్తపోటు మాత్రలు, నిద్రమాత్రలు, మూత్రము జారీ చేయు మాత్రలు దీనిని ఎక్కువ చేయును. మధుమేహపు మాత్ర వేసికొని అన్నము ఆలస్యముగ తినువారికి చక్కెర తగ్గి తూలుట కలదు. అట్లని మందులు తమంత తాము మానరాదు. వాడుచున్న మాత్రలన్నియు ఒక సంచిలో వేసికొని పోయి వైద్యునకు చూపి, "ఇవన్నియు నాకు కావలసినవేనా?" అని అడుగవలెను. నలుగురు వైద్యులు నాలుగు సమయములలో వ్రాసిన మాత్రలను ఒక్కరే కూర్చుండి చూచుట మన గ్రామములలో అరుదు.

సారాయి సంగతి వేరుగ చెప్పనక్కరలేదు. త్రాగి తూలువాని వయస్సు ఎంతయైనను నేల ఒకటే. సారాయి గొడవ ఇంటిగుట్టు కాదు, ఊరి సమస్య యని 1992లో చాటినది ఈ జిల్లాలోని దూబగుంట స్త్రీలే. పడిపోవుటయు అట్టి విషయమే. ఇంతకాలము దానిని ఇంటి నాలుగు గోడల మధ్య ఉంచితిమి.

కదలకుండ కూర్చుండబెట్టుట

పడినవారికి మనము చేయు ఉపచారములలో అపకారమైనది ఒకటి కలదు. అది ప్రేమతో చేయునది కనుక ఎవరును తప్పుపట్టరు. తండ్రి ఒకసారి జారిపడెను, దెబ్బ తగులలేదు. కొడుకు భయపడి, "నాయనా, నువ్వు కదలబాక, ఏం కావాలన్నా మేం తెచ్చిస్తాం" అనును. కోడలు నీళ్లు మంచము వద్దకే తెచ్చియిచ్చును. మనుమడు పొలము గట్టుమీదికి పోనీయడు. తండ్రికిని లోపల భయమే కనుక ఒప్పుకొని కూర్చుండును. మూడు నెలలలో తొడ కండరము కరగును. ఆరు నెలలకు మంచము పట్టె పట్టుకొననిదే లేవలేడు. అప్పుడు మరల పడును. ఈసారి ఎముక విరుగును. మొదటిసారి పడినది కాలు జారుటచేత. రెండవసారి పడినది కూర్చుండుటచేత.

దీనికి విరుగుడు నడకయు, కాళ్లకు బలమిచ్చు సాధనయు. న్యూజీలండులోని ఒటాగో విశ్వవిద్యాలయమువారు 1990 దశకములో వృద్ధుల ఇండ్లకే పోయి కాలి బలమునకు, నిలకడకు కొన్ని సులువైన సాధనలు నేర్పిరి. వారానికి మూడు దినములు ఇవి చేసి, దానితోపాటు నడచినవారిలో పడిపోవుట సుమారు 35 శాతము తగ్గెను. అనేక దేశముల పరిశోధనలను కలిపి 2019లో లెక్కించినప్పుడు, వ్యాయామము మాత్రముచేతనే నాలుగింట ఒక వంతునకు దరిదాపుగ తగ్గునని తేలినది. ఇంత మేలు చేయు మాత్ర ఏ మందుల దుకాణములోను దొరకదు.

ఆ సాధనలు మన వసారాలో చేయదగినవే. స్తంభమునో బరువైన మంచము కోడునో పట్టుకొని మునివేళ్లపై పదిమార్లు లేచి దిగవలెను. గోడకు ఆనించిన కుర్చీలో కూర్చుండి, వీలైనంతవరకు చేతులు ఆనకుండ పదిమార్లు లేచి కూర్చుండవలెను. గోడ ప్రక్కన, ఒక పాదపు మడమను రెండవ పాదపు వ్రేళ్లకు ముందు ఆనించి తాడుమీద నడచినట్లు పది అడుగులు వేయవలెను. పట్టు వదలకుండ ఒంటికాలిపై పది సెకండ్లు నిలువవలెను. మొదట ఇంటివారొకరు ప్రక్కన నిలువవలెను. రొమ్మునొప్పి, ఆయాసము ఉన్నవారు వైద్యుని అడిగి మొదలుపెట్టుట మంచిది. స్వయం సహాయక సంఘముల స్త్రీలు వారానికొక సాయంకాలము వృద్ధులను ఒకచోట చేర్చి దీనిని చేయించినచో, సాధనతోపాటు నాలుగు మాటలు మాట్లాడుకొనుటయు జరుగును. నిజమునకు వారిలో చాలమంది వచ్చునది ఆ మాటల కొరకే. రానిండు.

ఎవరికి ప్రమాదము ఎక్కువయో కనిపెట్టుటకు ఒక పరీక్ష కలదు. కుర్చీలో కూర్చున్నవారిని లేచి, పదడుగుల దూరము మామూలుగ నడచి, తిరిగి వచ్చి కూర్చుండుమని చెప్పి గడియారము చూడవలెను. 12 సెకండ్లు, అంతకు మించి పట్టినచో వారిని వైద్యునకు చూపవలెను. కుర్చీ, గడియారము ఉన్న ప్రతి యింట ఇది చేయవచ్చును. ఆశా కార్యకర్త ఒక్క దినములో ఒక వీధి ముగింపగలదు.

చేతికర్ర మాట వచ్చినప్పుడు పెద్దలు బిగుసుకొందురు. కర్ర పట్టుట ముసలితనమును ఒప్పుకొనుట యని వారి ఎంచిక. 1921 ఏప్రిలు 7న నెల్లూరు చేరువ పల్లిపాడులో పినాకినీ సత్యాగ్రహ ఆశ్రమమును ప్రారంభించిన గాంధీ మహాత్ముడు, 1930లో 60 ఏండ్ల వయస్సున దండి వరకు నడచినది కర్ర చేతబట్టియే. దానిని చూచి ఎవరును ఆయనను బలహీను డనలేదు. కర్ర పొడవు, చేయి వ్రేలాడవేసినప్పుడు మణికట్టు ముడత వరకు ఉండవలెను. నొప్పి కుడికాలికైనచో కర్ర ఎడమ చేత పట్టవలెను. చాలమంది దీనికి విరుద్ధముగ పట్టుచుందురు. అడుగున రబ్బరు తొడుగు అరగినప్పుడు మార్చవలెను. తొడుగు లేని కర్ర నున్నని బండపై తానే జారి మనిషిని పడవేయును.

ఎముక

పడినవారందరికి ఎముక విరుగదు. ఎముక పలుచబడినవారికి విరుగును. స్త్రీలకు ముట్లుడిగిన పిదప ఇది వేగముగ జరుగును.

ఎముకల విషయములో నెల్లూరు జిల్లాకు ఒక చరిత్ర కలదు. నీటిలో ఫ్లోరైడు అధికమైనచో మనుష్యుల ఎముకలు పాడగునని మన దేశములో మొదటగా బయటపడినది నాటి నెల్లూరు జిల్లాలోనే. షార్ట్, పండిట్, రాఘవాచారి అను శాస్త్రజ్ఞులు 1937లో దీనిని ఇండియన్ మెడికల్ గెజెట్ పత్రికలో ప్రకటించిరి. ఆ వ్యాధి కనబడిన పొదిలి, కనిగిరి మెట్ట ప్రాంతములు 1970లో ఏర్పడిన ఒంగోలు జిల్లాలో చేరినవి. ఆ జిల్లాయే పిదప ప్రకాశము జిల్లా అయినది. (ఈ కనిగిరి పట్టణము వేరు, బుచ్చిరెడ్డిపాలెము వద్ద అదే పేరుగల రిజర్వాయరు వేరు.) ఫ్లోరైడు సోకినవారి వెన్ను కర్రవలె బిగిసి, మెడ వంచి పాదము ఎక్కడ పడుచున్నదో చూచుకొనుటకు వీలుండదు. చూడక వేసిన అడుగు గుంతలో పడును. త్రాగునీటిలో ఫ్లోరైడు లీటరునకు 1.5 మిల్లీగ్రాములు మించరాదు. క్రొత్త బోరు వేసినప్పుడు నీటిని పరీక్షకు పంపకుండ కుళాయి బిగించుట పంచాయతీకి తగదు.

ఎండ మెండుగ నున్న మన ప్రాంతమున విటమిన్-డి లోపమా యని ఆశ్చర్యపడవచ్చును. తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర వైద్య విజ్ఞాన సంస్థ వైద్యులు 2007లో వెలువరించిన పరిశోధనలో, ఆరోగ్యముగ నున్న దక్షిణ భారతీయులలోనే ఈ విటమిన్ లోపమును, ఆహారములో కాల్షియం కొఱతయు విరివిగ కనబడినవి. ఎండలో పొలము పనిచేయువారి పరిస్థితి మేలు. నీడపట్టున కూర్చుండబెట్టిన వృద్ధునకు ఎండయు తగులదు, నడకయు ఉండదు. తిండి సంగతి చెప్పవలెనన్న, వరి పండించు డెల్టా గ్రామములవారు రాగులను మెట్టవారి తిండిగ తలంతురు. 100 గ్రాముల రాగులలో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం కలదు; బియ్యములో అందులో ఇరువదవ వంతైనను లేదు. వారమునకు నాలుగు పూటలు రాగి జావయో సంకటియో, ప్రతిదినము మజ్జిగయు పెద్దల కంచములో ఉండవలెను.

ఇంటిలో

ఇల్లు పంచాయతీది కాదు గాని, ఇల్లు కట్టుటకు అనుమతియు మరుగుదొడ్డికి సొమ్మును పంచాయతీ ద్వారా పోవుచున్నవి కనుక రెండు మాటలు చెప్పవలసియున్నది. పూర్వపు మట్టినేల, నాపరాయి నేల తడిసినను కాలికి పట్టు ఇచ్చెడివి. నేడు ముఖము కనబడునంత నున్నని పలకలు పరచుచున్నారు. హాలులో అవి ఉండనిండు. స్నానపు గదిలోను, పెరటి వాకిటను గరుకు పలకలే వేయవలెను. పాచి పట్టిన చప్టాను వానలలో వారానికొకసారి బ్లీచింగు పొడి చల్లి, చీపురుతో రుద్ది కడుగవలెను.

మరుగుదొడ్డి విషయము ముఖ్యము. 2014 తరువాత స్వచ్ఛ భారత్ క్రింద గ్రామములలో లక్షలాదిగ కట్టిరి, మేలు జరిగినది. అయితే అనేకము పెరటి చివరను, రెండు మూడు ఎత్తైన మెట్లపైన, దీపము లేకుండ ఉన్నవి. వృద్ధులు రాత్రి రెండు మూడుమార్లు లేతురు. నిద్రమత్తు, చీకటి, తడి మెట్టు, గొంతుకు కూర్చుండి లేవవలసిన శ్రమ, ఈ నాలుగును ఒక్కచోట కలియును. గోడకు బిగించిన రెండడుగుల ఇనుప గొట్టము, దారిలో ఒక జీరో బల్బు, తలుపు బయటికి తెరుచుకొనునట్లు బిగించుట — ఇంతే కావలసినది. తలుపు లోపలికి తెరుచుకొనినచో, లోపల పడినవారు తలుపునకు అడ్డముగ పడియుందురు, బయటివారు తీయజాలరు.

ధనుర్మాసపు ముగ్గులను గూర్చి ఒక మాట. తెల్లవారకముందే కల్లాపి చల్లి, అరగంట వంగి ముగ్గువేసి, ఒక్కసారిగ నడుమెత్తిన పెద్దామెకు కన్నులు తిరుగును. కాలిక్రింద నేల తడి. ముగ్గు మానుమనిన ఎవరును వినరు, వినవలసిన పనియు లేదు. నడుమ నడుమ లేచి నిలిచి, పీట వేసికొని, వెలుతురు వచ్చిన పిదప వేయుమని చెప్పవలెను. అరగి నున్ననైన హవాయి చెప్పులును, నేల జీరాడు కుచ్చెళ్లును కూడ ఈ కోవలోనివే.

వీధి

బుచ్చిరెడ్డిపాలెము 2020లో నగర పంచాయతీ అయినది. చుట్టుపట్ల అనేక గ్రామములు గ్రామ పంచాయతీలుగనే యున్నవి. ఏదైనను బాధ్యత ఒకటే. 1993లో అమలులోనికి వచ్చిన 73వ రాజ్యాంగ సవరణతో చేర్చిన పదునొకండవ షెడ్యూలులోని 29 విషయములలో రోడ్లు, కల్వర్టులు, వంతెనలు, గ్రామ విద్యుదీకరణ, ఆరోగ్యము, పారిశుధ్యము, సాంఘిక సంక్షేమము ఉన్నవి. వృద్ధుడు పడకుండ చూచుట అను పదము అందులో లేదు. కాని అతనిని పడవేయు వస్తువులన్నియు ఆ పట్టికలోనివే.

ఒకనాటి సాయంకాలము దీపములు వెలుగు వేళ, సర్పంచి, ఇద్దరు సభ్యులు, కర్రతో నడచు ఒక పెద్దాయన, మోకాళ్ల నొప్పులుగల ఒక పెద్దామె కలిసి ఊరంతయు నడువవలెను. పెద్దలు ముందు నడువవలెను, సభ్యులు వెనుక. వారు ఎచ్చట ఆగుదురో, ఎచ్చట ప్రక్కనున్నవారి చేయి పట్టుకొందురో అచ్చట పని యున్నదని వ్రాసికొనవలెను. ఇంజనీరు నకాసా ఇంత బాగుగ చెప్పజాలదు.

వారు ఆగు చోట్లు దాదాపు ఇవియే యగును. కాలువపై పలక విరిగిన చోటు. సిమెంటు రోడ్డు వేయగా వేయగా ఎత్తు పెరిగి, ఇంటి గుమ్మమునకును రోడ్డునకును నడుమ అడుగున్నర దిగుడు పడిన చోటు. పంట కాలువపై తాటి దూలము వేసి దాటు చోటు. యువకులు సైకిలుతో సైతము దాటుదురు గనుక ఫిర్యాదు రాదు, పెద్దలు ఆ దారి మానుకొందురు గనుక వారినుండియు రాదు. అక్కడ సిమెంటు పలకయు ఒకప్రక్క గొట్టపు కమ్మియు వేయించిన చాలును. గేదెను గుంజకు కట్టి పలుపును దారికడ్డముగ వదలిన చోటు. వీధిదీపము వెలుగని మలుపు. ఏ దీపము ముందు మార్చవలెనను ప్రశ్న వచ్చినప్పుడు, గుడికి పోవు దారికి, ఆసుపత్రి దారికి మొదటి స్థానమీయవలెను. ధనుర్మాసములో బుచ్చిరెడ్డిపాలెము కోదండరామస్వామి ఆలయమునకు వలెనే ప్రతి ఊరిలోను తెల్లవారుజామున గుడికి పోవువారిలో పెద్దలు చాలమంది. జొన్నవాడ కామాక్షమ్మ గుడివద్ద పెన్నకు దిగువారికి గాని, ఏ కోనేటిలో దిగువారికి గాని, పట్టుకొనుటకు కమ్మి యున్నదా యని చూడవలెను.

వరికోతల సమయమున రోడ్లపై వడ్లు ఆరబోయుట మన ప్రాంతమున పరిపాటి. రైతునకు కళ్లము లేదు, తేమ ఎక్కువైనచో ధర రాదు. అతని బాధ అతనిది. కాని పాదము క్రింద వడ్లు గోలీలవలె దొర్లును. అంచున పెట్టిన రాళ్లు రాత్రి కానరావు. రోడ్డుపై వద్దని దండోరా వేయించుటకంటె, రైతులతో మాట్లాడి ఆరబెట్టు కళ్లములు కట్టించుట మేలు. అది జరుగువరకు రోడ్డులో ఒక ప్రక్క మూడడుగుల దారి ఖాళీగ వదలవలెనని గ్రామసభలో తీర్మానింపవచ్చును.

ఇంకొకటి. పాత ఇండ్లకు వీధివైపు అరుగులుండెడివి. దారిన పోవు వృద్ధుడు ఏ యింటి అరుగుపైననో కూర్చుండి, అలుపు తీర్చుకొని, మజ్జిగ త్రాగి లేచిపోయెడివాడు. అరుగులు తీసి ప్రహరీగోడలు కట్టితిమి. అలసిన కాలే తడబడును. వంద గజములకొకచోట, వేపచెట్టు క్రింద, మోకాలి ఎత్తున ఒక సిమెంటు అరుగు కట్టించినచో పెద్దలు మరల వీధిలోనికి వత్తురు. పంచాయతీ కార్యాలయము, పాల కేంద్రము, చౌకధరల దుకాణము ముందు మెట్లు ఆరు అంగుళములకు మించిన ఎత్తు ఉండరాదు. వాలుదారి కట్టినచో ఒక అడుగు ఎత్తునకు పండ్రెండడుగుల పొడవు ఉండవలెను. పొదుపని నాలుగడుగులలో కట్టిన వాలు జారుడుబల్ల యగును. కమ్మి ఎత్తు మూడడుగులకు కొంచెము తక్కువ.

నెల్లూరు–ముంబయి రహదారి బుచ్చిరెడ్డిపాలెము మీదుగ పోవుచున్నది. దానిని దాటు పెద్దల విషయము పంచాయతీ ఒక్కటే తీర్చునది కాదు. పోలీసు, రహదారి శాఖలకు వ్రాయవలసినది. బస్సు దిగినచోటనే దాటు గీతయు దీపమును ఉండవలెనని వ్రాయవలెను.

పడిన తరువాత

పడినవారిని వెంటనే లేవదీయరాదు. మొదట పలుకరించి, నొప్పి ఎక్కడనో అడుగవలెను. ఒక కాలు పొట్టిగ కనబడి పాదము ప్రక్కకు వాలి, కాలు కదపజాలకున్నచో తుంటి యెముక విరిగినదని అనుమానింపవలెను. ఆ మనిషిని కుర్చీలో కూర్చుండబెట్టక, ఆటోలో కుదింపక, 2005 నుండి మన రాష్ట్రములో నడచుచున్న 108 బండిని పిలువవలెను. నెల్లూరు ప్రభుత్వ ఆసుపత్రి బుచ్చిరెడ్డిపాలెమునకు సుమారు 15 కిలోమీటర్ల దూరము మాత్రమే.

పుత్తూరు కట్టునకు మన ప్రాంతమునుండి పోవువారు చాలమంది. మణికట్టు, ముంజేతి విషయములో వారి అనుభవము గొప్పదని జనుల నమ్మకము. ఆ తగవులోనికి పోము. వృద్ధుల తుంటి యెముకకు మాత్రము కట్టు చాలదు. శస్త్రచికిత్స లేనిచో నెలల తరబడి మంచముపై నుండవలెను. ఒరుపుపుండ్లు, ఊపిరితిత్తుల జబ్బు పట్టుకొనును. శస్త్రచికిత్స రెండు దినములలోపల జరిగి, మరునాడే లేపి నిలువబెట్టినచో మరల నడచు ఆశ యున్నది. తుంటి విరిగిన వృద్ధులలో సుమారు ఐదవ వంతు ఒక సంవత్సరములోపల మరణించుచున్నారని అనేక దేశముల అనుభవము. సొమ్ము లేదని ఆలస్యము చేయరాదు. 70 ఏండ్లు నిండినవారికి ఆదాయముతో నిమిత్తము లేకుండ ఆయుష్మాన్ భారత్ క్రింద 2024 అక్టోబరు నుండి కుటుంబమునకు ఏటా 5 లక్షల రూపాయల వరకు చికిత్స వీలు కల్పింపబడినది. కార్డు పడకముందే తీసియుంచవలెను.

తలకు దెబ్బ తగిలినచో, రక్తము రాలేదని ఊరకుండరాదు. వృద్ధుల తలలో రక్తము మెల్లగ ఊరి, కొన్ని వారములకు బయటపడుట కలదు. మత్తు, తలనొప్పి, మాటలో తడబాటు, తికమక కనబడినచో, "వయసు" అనక ఆసుపత్రికి తీసికొని పోవలెను. రక్తము పలుచబరచు మాత్రలు వాడువారి తలకు దెబ్బ తగిలినచో ఆ దినమే చూపవలెను.

దెబ్బ లేనివారు తామే లేచు పద్ధతి ముందుగ నేర్చియుండవలెను: ప్రక్కకు ఒరిగి, మోచేతులపై లేచి, మోకాళ్లపై ప్రాకి, మంచమునో కుర్చీనో పట్టుకొని, బలమైన కాలు ముందు మోపి లేవవలెను. ఒంటరిగ నుండు పెద్దల ఇంటి తాళపుచెవి ఒకటి పొరుగింట ఉండవలెను. వయోవృద్ధులకు సాయమునకు 14567 అను ఫోను సంఖ్య దేశమంతట పనిచేయుచున్నది. దానిని గోడపై పెద్ద అక్షరములతో వ్రాసియుంచవచ్చును.

ఇక పట్టిక సంగతి. నెల మొదటి తేదీన పింఛను ఇంటికి తెచ్చి యిచ్చు సచివాలయ ఉద్యోగి ప్రతి వృద్ధుని ముఖము చూచును. "ఈ నెలలో ఎప్పుడైనా పడ్డారా, ఎక్కడ?" అను ఒక్క ప్రశ్న అతడు అడిగి వ్రాసికొనినచో చాలును. పింఛను లేని యిండ్లకు ఆశా కార్యకర్త పోవును. పెద్దలు సిగ్గుపడి చెప్పరు; చెప్పినచో కొడుకులు బయటికి పోనీయరని భయము. అందుచేత ప్రశ్న ప్రక్కకు పిలిచి అడుగవలెను. ఆరు నెలల పట్టికను పంచాయతీ సమావేశములో ముందుంచినప్పుడు, ఒకే కల్వర్టు వద్ద ముగ్గురు, ఒకే మలుపున ఇద్దరు పడినట్లు కనబడును. ఆ పని బడ్జెటులో ముందు వ్రాయవలెను. పలకలు, దీపములు, కమ్ములు సెప్టెంబరు నెలాఖరునకు పూర్తి కావలెను. అక్టోబరు వానలు పట్టిన పిదప సిమెంటు ఆరదు.